నూరుపాళ్ల గంజి జువ్వ

చోడే వెంకాయమ్మకు చేతిలో ఎంత పనితనం ఉందో నోటిలో దానికి రెండింతలుంది. ఆ చేతి వల్ల సూరప్పలంక షష్ఠి తీర్థానికి పేరొచ్చింది. ఆ నోటి వల్ల వచ్చిన తంటా ఈ కథ.

సూరప్పలంక తీర్థానికి చుట్టుపక్కల జనమంతా వస్తారు. సుబ్రహ్మణ్యేశ్వరుడికి పుట్టలో పాలు పోసేసి ఇంటికి పోకుండా, కోసేసిన చేలో గోనెలు పరుచుకుని కూర్చుంటారు. చీకటి పడగానే వెంకాయమ్మ జువ్వలు లేస్తాయి. పైకెళ్లి విచ్చుకుని ఎరుపూ, పచ్చా, బంగారం రంగూ కుమ్మరిస్తాయి. ఆమె మామగారి హయాం నుంచీ ఒక్క షష్ఠి కూడా ఆకాశం ఖాళీగా పోలేదు. కాలవ అవతల కొమరాడపాలెం వాళ్లకు ఈ విషయంలో ఏళ్ల తరబడి కడుపుమంట. సూరప్పలంక ఆకాశం ఏనాటికైనా ఖాళీగా పోతే చూడాలని వాళ్లు కాచుక్కూర్చున్నారు.

వెంకాయమ్మకు కావలసిందల్లా ఏటేటా లైసెన్సు. దాన్ని ఇన్నేళ్లూ ఒక శాఖ ఇస్తూ వచ్చింది. ఆ ఏడు ఆ శాఖను రద్దు చేసి, అదే మేడలో, అవే కుర్చీల్లో, బాణసంచా భద్రతా ప్రాధికార మండలి అని కొత్త బోర్డు పెట్టారు. దానికి పరాంకుశరావు గారిని అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన అంతకు ముందు చేపల శాఖలో ఉండేవారు. అక్కడ ఈదే చేపల వల్ల ఇబ్బందులున్నాయని ఒక నివేదిక రాసి పైవాళ్ల మెప్పు పొందారు.

అధ్యక్షులవారు తనిఖీకి వచ్చారు. వచ్చారన్న మాటే గానీ, మందు కలిపే పాక చూపించగానే కొబ్బరిచెట్ల దాకా వెనక్కి నడిచి అక్కడే నిలబడిపోయారు. ఆయన అడిగిన ప్రశ్నను సహాయ పర్యవేక్షకుడు సోమయాజులు గట్టిగా అరిచి వెంకాయమ్మకు చేరవేశాడు. వెంకాయమ్మ జవాబు మాత్రం ఎవరూ చేరవేయనక్కర్లేకుండానే కొబ్బరిచెట్లు దాటి రోడ్డు మీదికి వినిపించింది.

పాకకు దూరంగా, పొయ్యి మీద పెద్ద గుండిగలో ఆమె గంజి కాస్తోంది. ఆ ఆవరణలో అధ్యక్షులవారు ధైర్యంగా దగ్గరికి రాగలిగినది ఆ గుండిగ ఒక్కటే.

"ఈ పదార్థం యొక్క స్వభావం ఏమిటి?" అన్నారు.

"గంజండి. బియ్యప్పిండి కాచిన గంజి. మందులో పిసరంత కలిపి ముద్ద చేసి, బిళ్లలు కోసి ఎండబెడతావండి. జువ్వ పైకెళ్లాక రంగులు పూసేవి ఆ బిళ్లలేనండి. గంజి లేపోతే మందంతా పొడిపొడిగా రాలిపోద్దండి ఆయ్."

ఇంతటితో ఆగి ఉంటే కథే లేదు. కానీ ఆయన మొహంలో భయం చూసి వెంకాయమ్మకు జాలేసింది. జాలేసినప్పుడు ఆమె నోరు మరీ పెద్దదవుతుంది.

"తమరికి భయం వేయదా?" అన్నారాయన.

"భయం దేనికండీ, గంజుండగా! మా మావగోరి కాలం నించీ మా ప్రాణాలు కాపాడతంది ఈ గంజేనండి. గంజి పట్టుకుందంటే నిప్పు కూడా నోరెత్తదండి!"

అధ్యక్షులవారి మొహం మొదటిసారి వికసించింది. "సోమయాజులూ, ఈ వాక్యం యథాతథంగా నమోదు చెయ్యి," అన్నారు.

కారు వెళ్లిపోయాక వెంకాయమ్మ మొగుడు గంగరాజు నెత్తి గోక్కున్నాడు. అతను రోజంతా మాట్లాడేవి నాలుగు మాటలే గానీ, ఆ నాలుగూ ఆవిడకు గుచ్చుకుంటాయి.

"ఆ ఆఖరి ముక్క ఎందుకన్నావే?"

"ఊరికే. పోన్లే పాపం, పెద్దమనిషి వణికిపోతన్నాడని."

దసరా వెళ్లేలోగా సోమయాజులు ఉత్తర్వు తీసుకుని వచ్చాడు. చెరువులో మునిగి తేలినవాడిలా చెమటలు కక్కుతూ అరుగు మీద నిలబడి చదివాడు. "సమగ్ర క్షేత్ర పరిశీలన దరిమిలా, బాణసంచా భద్రతకు మూలాధారం గంజి అని నిర్ధారణ అయినందునన్నూ, గంజి ఎంత అధికమో భద్రత అంత అధికమని తేటతెల్లమైనందునన్నూ, ఇకమీదట గంజిని నూటికి పాతిక పాళ్లకు పెంచవలసిందిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది."

వెంకాయమ్మ నోరు తెరిచింది.

"పాతిక పాళ్లా? అలాగైతే ఎలగవండీ బాబూ!" అంది.

"వెలగాలని ఉత్తర్వులో ఎక్కడా లేదమ్మా," అన్నాడు సోమయాజులు. అతను చెడ్డవాడు కాదు. పై నుంచి వచ్చినదాన్ని కింద దించడం తప్ప అతనికి వేరే జబ్బు లేదు.

లైసెన్సు కావాలి గనక వెంకాయమ్మ చెప్పినట్టే చేసింది. పరీక్షకు వదిలిన జువ్వ పైకి లేచింది గానీ, దాని కడుపులోని బిళ్లలు రంగు పూయకుండా వడగళ్లలా కిందికి రాలాయి. ఒకటి వచ్చి సోమయాజులు గొడుగుకు చిల్లు పెట్టింది. మండలి నివేదికలో ఇది ఘనవిజయంగా నమోదయింది. కళ్లు మిరుమిట్లు గొలిపే దుష్ప్రభావం సంపూర్ణంగా తొలగిందనీ, పొగ తగ్గిందనీ, శబ్దం కూడా గొడుగుకే పరిమితమైందనీ రాశారు. అధ్యక్షులవారికి పైనుంచి అభినందన వచ్చింది. అభినందన రుచి మరిగిన అధికారిని ఆపడం ఎవరి తరం?

రెండో ఉత్తర్వు గంజిని సగానికి పెంచింది. దానితోపాటు కొత్త పరీక్షా పద్ధతి కూడా వచ్చింది. సోమయాజులు ఒక బల్ల వేసుకుని, బిళ్లను దాని మీద పెట్టి, అగ్గిపుల్లల పెట్టె తీస్తాడు. పెట్టె మొత్తం అయిపోయేదాకా బిళ్ల అంటుకోకపోతే ఉత్తీర్ణత. పొరపాటున అంటుకుందంటే తయారుదారుకు సంజాయిషీ నోటీసు. "వెలుగు అనునది భద్రతా లోపమునకు ప్రథమ సంకేతం" అని గోడ మీద అట్ట కూడా వేలాడదీశారు.

అధ్యక్షులవారు ఇంకో అడుగు ముందుకు వేసి జిల్లా స్థాయి పోటీ పెట్టారు. ఎంతకీ వెలగని బాణసంచాకు మొదటి బహుమతి. కొమరాడపాలెం వాళ్లు ఇదే అదనని కాలవ గట్టు మట్టి ముద్దలు చేసి ఎండబెట్టి పంపారు. వాటికే మొదటి స్థానం వచ్చింది. తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తే, నిర్ణీత గంజి లేని కారణంగా వాటిని రెండో స్థానానికి దించి, వెంకాయమ్మ జువ్వలకు మొదటి స్థానం ఇచ్చారు. శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. ఆ జ్ఞాపిక మీద వెలగని చిచ్చుబుడ్డి బొమ్మ చెక్కి ఉంది.

ఆ శాలువాతోనే ఇంటికొచ్చి వెంకాయమ్మ పెరట్లో కూలబడింది. మిగిలిన ఒక జువ్వను గంగరాజు నేలలో గుచ్చి అంటించాడు. అది కాసేపు బుసలు కొట్టింది. ఆ తర్వాత సన్నగా ఆవిరి వదిలి, అన్నం ఉడుకుతున్న వాసన వేసింది.

వెంకాయమ్మ ఏడ్చింది. పెళ్లయి ఇన్నేళ్లలో గంగరాజు ఆమె ఏడవగా చూడలేదు. ఏడ్చినా ఆమె గొంతు తగ్గలేదు, అది వేరే సంగతి.

"మా మావగోరు పోతా పోతా నా చెయ్యట్టుకుని, షష్ఠినాడు ఆకాశం ఖాళీగా వదలకమ్మా అన్నారయ్యా. ఇయ్యాల నాకు శాలువా కప్పేరు. ఏ మొగం పెట్టుకుని తీర్తానికెళ్లను? జనం తలలెత్తుకుని కూకుంటారు. ఏం చూపించను ఆళ్లకి, ఆవిరా?"

గంగరాజు అంతా నువ్వన్న ఆఖరి ముక్క వల్లేనని అనబోయి, ఆమె మొహం చూసి మింగేశాడు. మొగుడన్నాక ఆ మాత్రం దయ ఉండాలి.

షష్ఠి ఇంకా నెల ఉందనగా మూడో ఉత్తర్వు వచ్చింది. దేశంలో మొట్టమొదటిసారిగా నూరుపాళ్లూ గంజితోనే తయారైన బాణసంచాను ఆవిష్కరించి మండలి చరిత్ర సృష్టించబోతోందనీ, ఆ గౌరవం శ్రీమతి చోడే వెంకాయమ్మకు దక్కిందనీ అందులో ఉంది. మందు లేదు, రంగు లేదు, నిప్పుతో నిమిత్తమే లేదు. సంపూర్ణ భద్రత. ఆవిష్కరణ అయిన వెంటనే లైసెన్సు చేతికిస్తారు.

"సరే కానీ," అంది వెంకాయమ్మ.

మర్నాడు గుండిగ నిండా గంజి కాచింది. మేడ మీద పాత పంచె పరిచి, గరిటెతో చిన్న చిన్న బిళ్లలుగా పెట్టుకుంటూ పోయింది. సగం పెట్టాక చెయ్యి దానంతటదే ఆగింది. తాను పెడుతున్నదేమిటో ఆమెకు అప్పుడు తట్టింది. కిందికి దిగి వంటింట్లోకి వెళ్లి జీలకర్రా, ఉప్పూ, దంచిన పచ్చిమిరపకాయలూ తెచ్చి మిగిలిన గంజిలో కలిపేసింది.

సాయంత్రం గంగరాజు మేడెక్కి, అంచున కాస్త ఆరినదాన్ని ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఏమే, జువ్వల్లో ఉప్పు సరిపోయింది," అన్నాడు.

ఆవిష్కరణ మహోత్సవానికి మండలి ఆవరణలో షామియానా వేశారు. వెనక వంటవాళ్లు అతిథుల భోజనాలకు బూరెలు వేస్తున్నారు. అంతకు ముందు రెండు రోజులూ ముసురు పట్టడంతో గంజి జువ్వలు సరిగా ఎండలేదు. పైన గట్టిగా కనిపించినా లోపల తడి అలాగే ఉంది.

"ఇంకా పచ్చిగా ఉన్నాయండి. నాలుగెండలు తగలాలండి," అని వెంకాయమ్మ సోమయాజులుతో చెప్పింది.

"ఎండ కోసం వాయిదా వేసే అధికారం నాకు లేదమ్మా," అన్నాడతను.

అధ్యక్షులవారు వేదిక మీద వెండి పళ్లెంలోంచి ఒక బిళ్ల తీసి, అందరికీ చూపించి, కాగడా తెప్పించి దాని కింద పెట్టారు. ఏమీ కాలేదు. కరతాళ ధ్వనులు. తిప్పి పెట్టారు. ఇంకా ఏమీ కాలేదు. మరిన్ని కరతాళ ధ్వనులు. చేతికి సెగ తగిలి కాగడా కిందికి దించాక ప్రసంగం మొదలైంది.

"సోదర సోదరీమణులారా! నిప్పును జయించాలని మానవుడు అనాదిగా కలలు కంటున్నాడు. ఆ కల నేడు సాకారమైంది. దీని వల్ల ఏ ఒక్కరికీ ఏ విధమైన ఆనందం... అనగా, అపాయం కలగదని హామీ ఇస్తున్నాను."

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన చెయ్యెత్తాడు. "బాబూ, మరి దీన్ని పిల్లలు ఏం చేసుకోవాలి?"

మండలిలో ఎవరూ ఆలోచించని ప్రశ్న అది. అధ్యక్షులవారు సోమయాజులు వైపు చూశారు. సోమయాజులు వెంకాయమ్మ వైపు చూశాడు.

"నూనెలో ఎయ్యాలండి," అంది వెంకాయమ్మ.

ఎందుకన్నావే అని గంగరాజు ఆమె చెంగు లాగే లోపలే అధ్యక్షులవారు ఉత్సాహపడిపోయారు. వినియోగ ప్రదర్శన కూడా స్వహస్తాలతో చేస్తానన్నారు. బూరెల మూకుడు పొయ్యితో సహా వేదిక ముందుకు వచ్చింది. నూనె సలసల కాగుతోంది. ఆయన ఒకటి కాదు, గుప్పెడు తీసుకుని, నడుం ఎత్తు నుంచి మూకుట్లోకి వదిలారు.

తడి వడియం కాగే నూనెలో పడితే ఏమవుతుందో వంటింటి మొహం చూసినవాళ్లందరికీ తెలుసు. అధ్యక్షులవారు చేపల శాఖ నుంచి వచ్చినవారు. ఫటఫటా, ఢబఢబా పేలాయి. నూనె తుళ్లింది. ఒక చుక్క వెళ్లి సరిగ్గా ఆయన ముక్కు కొస మీద వాలింది. ఆయన వేసిన కేకకు షామియానా గుంజ ఒకటి పక్కకు ఒరిగింది. దసరా నుంచి, దీపావళికి కూడా, ఒక్క టపాకాయ చప్పుడు వినని జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ రోజు మనస్ఫూర్తిగా కొట్టిన చప్పట్లు అవే.

మండలి ఏర్పడ్డాక జరిగిన మొదటి ప్రమాదం అది. విచారణ సంఘం వేశారు. దానికీ అధ్యక్షుడు పరాంకుశరావు గారే, ఎందుకంటే ప్రత్యక్ష సాక్షి ఆయనే, బాధితుడూ ఆయనే. ముక్కుకు పట్టీతో ఆయన వినిపించిన తీర్పుకు వెంకాయమ్మను కూడా పిలిచారు.

"ప్రమాద సమయమున సదరు వస్తువులో గంజి నూరుపాళ్లు. మందు శూన్యం. కావున ప్రమాదానికి మందు కారణం కాజాలదు. మందు నిర్దోషి. ఈ విపత్తుకు ఏకైక కారణం గంజి అని సంఘం ఏకగ్రీవంగా నిర్ధారించింది." ఆయన పట్టీ సర్దుకున్నారు. "ఇకపై గంజి, మరియు గంజితో చేసి ఎండబెట్టు సకల బిళ్లలు, అనగా వడియములు, పేలుడు పదార్థములుగా పరిగణింపబడును. బాణసంచాలో గంజిని తక్షణమే సంపూర్ణంగా నిషేధించాలని నా సంకల్పం."

ఆ ముప్పేమిటో వెంకాయమ్మకు తెలుసు. గంజి ఎక్కువైతే ఆవిరి వస్తుంది, అంతే. గంజే లేకపోతే మందు పొడిగా మిగులుతుంది. ఆ పొడి చేతిలో రాలుతుంది, రాసుకుని అంటుకుంటుంది. పాకలో పనిచేసే ఆడవాళ్ల మొహాలు ఆమె కళ్ల ముందు ఒక్కొక్కటే కదిలాయి. ఈసారి ఆమె నోరు తొందరపడలేదు. ముందు ఆలోచించింది. ఆ తర్వాతే తెరుచుకుంది.

"అయ్యగోరండీ, గంజి మా చెడ్డదండి. తవరన్నది నూటికి నూరుపాళ్లు నిజవండి. కానీ దీన్ని ఒక్కసారిగా ఎళ్లగొడితే పగబడద్దండి. పొగాకు మాన్పించినట్టు మెల్లిమెల్లిగా మాన్పించాలండి. ముందు పిసరంతకి దించండి. తరవాత సంగతి తరవాత చూసుకుందారండి."

అధ్యక్షులవారు కళ్లు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి ఆ ఆలోచన ఆయనదైపోయింది.

"దశలవారీ ఉపసంహరణ!" అన్నారు. "సోమయాజులూ, రాసుకో. మొదటి దశలో గంజి పిసరంత. ఖాళీ అయిన స్థానమును నిర్దోషియైన మందుతో భర్తీ చేయవలెను."

మెట్ల దగ్గర సోమయాజులు వెంకాయమ్మ చేతిలో లైసెన్సు పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "మండలిలో మొదటి దశ దాటిన పథకం నేను ఇంతవరకూ చూడలేదమ్మా. నువ్వు నిశ్చింతగా ఉండు."

అతని నిశ్చింత మాత్రం ఎగిరిపోయింది. మర్నాటి నుంచి మేడలన్నీ సోదా చేసే పని అతని నెత్తిన పడింది. ముసలమ్మలు వడియాలు పెట్టిన పంచెలను చుట్టచుట్టి మంచాల కింద దాచారు. కొందరు కాకులను తోలే వంకతో మేడ మీద కాపలా కూర్చుని, జీపు వస్తే ఈల వేసేవారు. ఒక వీధిలో పెద్ద ఎత్తున నిల్వలు దొరికాయి. ఇల్లెవరిదని ఆరా తీస్తే సోమయాజులుదే. వాళ్లావిడ నడుము మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "పట్టుకెళ్లండి. రేపటి నించి పప్పులోకి ఉత్తర్వు నంజుకుందురు గాని," అంది.

స్వాధీనం చేసుకున్న పేలుడు పదార్థాన్ని లైసెన్సు ఉన్న గిడ్డంగిలోనే భద్రపరచాలి. జిల్లాలో అప్పటికి లైసెన్సు ఉన్నది వెంకాయమ్మ ఒక్కర్తికే. అలా ఊరందరి వడియాలూ డబ్బాలకు డబ్బాలు ఆమె ఇంటికి చేరాయి. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, అటుకుల వడియాలు అన్నీ వచ్చాయి. వెంకాయమ్మ వాటిని చట్టప్రకారం తాళం వేసి ఉంచింది. గంగరాజు రోజూ అన్నం వేళకు చట్టప్రకారం తనిఖీ చేసేవాడు.

షష్ఠి రానే వచ్చింది. చేలో జనం గోనెలు పరుచుకుని కూర్చున్నారు. కొమరాడపాలెం వాళ్లు కూడా కాలవ దాటి వచ్చి, ఖాళీ ఆకాశం చూద్దామని ముందు వరసలో చోటు పట్టారు. అధ్యక్షులవారికి కుర్చీ వేశారు. పట్టీ తీసేసినా ముక్కు కొస ఇంకా ఎర్రగానే ఉంది.

వెంకాయమ్మ మొదటి జువ్వకు నిప్పు పెట్టి వెనక్కి వచ్చింది. అది కూత పెడుతూ లేచింది. పైన ఒక్క క్షణం ఏమీ లేదు. గంగరాజు కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత సూరప్పలంక అంతా ఎర్రబడింది. ఎరుపు పచ్చగా మారి, పచ్చ బంగారమై, నెమ్మదిగా చేల మీదికి దిగింది. చేలో కూర్చున్న జనమంతా ఒక్కసారిగా ఓ అన్నారు. వెంకాయమ్మకు ఆ "ఓ" చాలు. మామగారికి ఇచ్చిన మాట నిలబడింది, కడుపు నిండిపోయింది. కొమరాడపాలెం వాళ్లు కూడా తమ పగ మరిచిపోయి నోళ్లు తెరిచారు.

ఆఖరి జువ్వ ఆరిపోయాక అధ్యక్షులవారు ఆనందబాష్పాలతో వెంకాయమ్మ దగ్గరికి వచ్చారు.

"అద్భుతం! ఇంత అందం, ఇంత భద్రత! ఒక్క ప్రమాదం లేదు! దీనంతటికీ మూల కారణం ఏమిటో ఒక్క ముక్కలో చెప్పు, వెంకాయమ్మా. వచ్చే ఏడాది దాన్ని చట్టం చేసి మూడింతలు చేస్తాను."

వెంకాయమ్మ నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. అసలు మాట పెదవుల దాకా వచ్చేసింది. అందులో "గం" అన్న ముక్క దాదాపు బయటపడింది కూడా.

ఆమె చటుక్కున కొంగు ముడి విప్పి, అందులోంచి వేయించిన గుమ్మడి వడియం ఒకటి తీసి, నోట్లో కుక్కుకుని గట్టిగా కొరికింది.

ఆ కరకర వినగానే అధ్యక్షులవారు రెండు చేతులతో ముక్కు మూసుకుని, పరుగున వెళ్లి తన కుర్చీ కింద దూరారు.